తలుపు కింద ఎర్ర సిలిండర్: ఒక హైరైజ్ ఆఫీసు కేసు

నేపథ్యం

గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు వరసగా లేచిన అద్దాల బిల్డింగుల్లో ఒకదాంట్లో జరిగిన అగ్నిప్రమాదం కేసు ఇది. ఏ బిల్డింగో, అందులో ఏ కంపెనీలు ఉన్నాయో చెప్పను. గుర్తుపట్టడానికి వీలిచ్చే రెండు మూడు వివరాలు మార్చాను. ప్రమాదం జరిగిన తీరు, మేం తీసుకున్న నిర్ణయాలు, వాటిలో బెడిసికొట్టినవి మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. బెడిసికొట్టినవాటిలో మొదటిది నాదే.

కింద రెండు సెల్లార్లు, పైన 14 అంతస్తులు. నాలుగు కంపెనీలు అద్దెకున్నాయి. పనిరోజు మధ్యాహ్నం లోపల రెండున్నర వేల మంది దాకా ఉంటారు. మెట్లదారులు రెండు. ఒకటి లిఫ్టుల పక్కన, వచ్చేపోయే అందరికీ కనిపించే చోట. రెండోది వెనకవైపు మూలన. సర్వీస్ లిఫ్ట్, కరెంటు గది, ఏసీ యంత్రాల గది అన్నీ ఆ మూలనే. సిబ్బంది వాటిని 'ముందు మెట్లు', 'వెనక మెట్లు' అంటారు. నేనూ అలాగే రాస్తాను.

15 మీటర్ల ఎత్తు నుంచే నేషనల్ బిల్డింగ్ కోడ్ బిల్డింగును హైరైజ్‌గా లెక్కగడుతుంది. ఇది అంతకు మూడు రెట్ల పైమాటే. అందుకు తగ్గట్టు స్ప్రింక్లర్లు, పొగ డిటెక్టర్లు, హోస్ రీళ్ళు, మైకు, మెట్లదారిలోకి గాలి నెట్టే ఫ్యాన్లు, రెఫ్యూజ్ ఏరియా (దిగలేనివాళ్ళు సాయం వచ్చేదాకా ఆగే చోటు) అన్నీ ఉన్నాయి. ఫైర్ ఎన్‌ఓసీ, అంటే ఫైర్ సర్వీస్ ఇచ్చే అనుమతి పత్రం, చెల్లుబాటులో ఉంది. కాగితాల్లో వేలెత్తి చూపడానికి ఏమీ లేదు.

ఫైర్ సేఫ్టీ సలహాదారుగా నన్ను పిలిచిన పని చిన్నది. మాక్ డ్రిల్‌లో బిల్డింగంతా ఖాళీ కావడానికి 31 నిమిషాలు పట్టింది. ఒక కంపెనీకి క్లయింటు ఆడిట్ దగ్గర పడింది. "ఆ టైమ్ సగానికి తగ్గించండి సార్" అన్నారు ఫెసిలిటీ మేనేజర్. సరేనన్నాను.

నేను మొదట చేసింది

టైమ్ తగ్గించమన్నారు గనక టైమ్ మీదే పడ్డాను. అంతస్తుకు ఇద్దరున్న వార్డెన్లను నలుగురిని చేశాను, విజిళ్ళు ఇచ్చాను. లాప్‌టాప్ సర్దుకుంటూ ఆగేవాళ్ళను, వాష్‌రూముల్లో ఉండిపోయేవాళ్ళను కదిలించే బాధ్యత ఎవరిదో పేర్లతో రాయించాను. వెనక మెట్లు చాలామందికి తెలియవని గమనించి, ప్రతి అంతస్తులోనూ సగం మందిని అటు మళ్ళించాను. రెండో డ్రిల్‌కు 22 నిమిషాలయింది. మేనేజర్ సంతోషించారు. నేనూ సంతోషించాను.

డ్రిల్ రోజున వెనక మెట్ల తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. మనుషులు దిగడానికి అది సుఖంగా ఉందనుకున్నానే తప్ప, అది ఉండకూడని దృశ్యమని ఆ పూట నాకు తట్టలేదు. ఫైర్ డోర్ అంటే మంటను, పొగను కొంతసేపు ఆపడానికి పెట్టిన గోడ లాంటిది. మనిషి దాటగానే దానంతటది మూసుకోవాలి. తెరిచిపెట్టిన ఫైర్ డోర్ ఉన్న మెట్లదారి నిప్పు పుట్టిన రోజున పొగగొట్టమవుతుంది. 16 ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నవాణ్ణి, స్టాప్‌వాచ్ చూసుకుంటూ తలుపులు చూడడం మరిచాను.

ఆ రోజు

ఆరు వారాల తర్వాత, ఒక పనిరోజు సాయంత్రం నాలుగు దాటాక, అయిదో అంతస్తు వెనక మూలన కరెంటు గదిలో కేబుల్ జాయింటు ఒకటి వేడెక్కి కాలడం మొదలుపెట్టింది. మంట పెద్దది కాదు. గది దాటి బయటికి రాలేదు కూడా. కానీ కాలేది పీవీసీ తొడుగు. దాని పొగ నల్లగా, చిక్కగా ఉంటుంది. అందులోని హైడ్రోజన్ క్లోరైడ్ కళ్ళను, గొంతును మండిస్తుంది. దానితో పాటు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే పొగలో చిక్కుకున్నవాళ్ళు మంట దగ్గరికి రాకముందే కూలబడిపోతారు.

డిటెక్టర్ పొగను పసిగట్టింది. గ్రౌండ్ ఫ్లోర్ కంట్రోల్ రూములో అలారం ప్యానెల్ మోగింది. గార్డు సైలెన్స్ బటన్ నొక్కాడు. మళ్ళీ మోగింది, మళ్ళీ నొక్కాడు. సీసీటీవీ గడియారం ప్రకారం మొదటి మోతకూ మైకులో ప్రకటనకూ మధ్య నాలుగు నిమిషాలు గడిచాయి. ఆ ప్రకటన ముందే రికార్డు చేసిన ఇంగ్లిష్ వాక్యం: అందరూ బిల్డింగ్ ఖాళీ చేయండి. ఏ అంతస్తులో నిప్పు పుట్టిందో, ఎటు దిగాలో అందులో లేదు.

14 అంతస్తుల జనం ఒక్కసారిగా మెట్ల మీద పడ్డారు. నేను నేర్పినట్టే సగం మంది వెనక మెట్ల వైపు వెళ్ళారు. అయిదో అంతస్తులో ఆ మెట్ల తలుపు తెరిచే ఉంది. దానికి అడ్డంగా మంట ఆర్పే ఎర్రటి ఫైర్ సిలిండర్ నిలబెట్టి ఉంది. కరెంటు గదికి అందుబాటులో గోడకు వేలాడాల్సిన సిలిండరే అది. కరెంటు గది నుంచి కారిడార్‌లోకి వచ్చిన పొగ ఆ తలుపు గుండా మెట్లదారిలోకి వెళ్ళి పైకి లేచింది.

నాలుగో అంతస్తు, ఆ కింది వాళ్ళు క్షేమంగా దిగారు. పైనుంచి వస్తున్నవాళ్ళకు ఏడో అంతస్తు దగ్గర పొగ ఎదురైంది. ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగారు, వెనకవాళ్ళు ఇంకా దిగుతూనే ఉన్నారు. చాలామంది ఎలాగో పైకెక్కి, తమ వెనక ఇంకా మూసుకోని తలుపుల్లోంచి లోపలికి దూరారు. ఇరవై మంది దాకా మాత్రం ఎనిమిది, పది అంతస్తుల మధ్య ఇరుక్కుపోయారు. ఈ బిల్డింగులో ఆఫీసులోంచి మెట్లలోకి రావచ్చు, మెట్లలోంచి ఆఫీసులోకి పోవడానికి కార్డు కావాలి. ఏ కంపెనీ కార్డు ఆ కంపెనీ తలుపుకే పనిచేస్తుంది. అక్కడున్నవాళ్ళలో ఎక్కువమంది 12, 13 అంతస్తుల వాళ్ళు. కార్డులు గీసి గీసి, చివరికి తలుపు బాదారు.

తొమ్మిదో అంతస్తులో హౌస్‌కీపింగ్ చేసే ఒకావిడ పాంట్రీ సర్దుతూ వెనకబడిపోయింది. ఆ చప్పుడు విని తలుపు లోపలి నుంచి నెట్టింది. తర్వాత నేను అడిగితే, "ఎవరో అవతల నుంచి గుద్దుతున్నరు సార్. పొమ్మన్నరు గని నాకు కాళ్ళు పోలే. తీసిన" అంది. అందరూ ఆ అంతస్తు అడ్డంగా దాటి ముందు మెట్ల గుండా దిగారు. పొగ పీల్చిన ముగ్గుర్ని ఆస్పత్రికి తీసుకెళ్ళారు, మర్నాడు ఇంటికి పంపించారు. ఎలక్ట్రీషియన్ సరఫరా ఆపాక ఫైర్ సర్వీస్ సిబ్బంది వచ్చి మంట ఆర్పారు.

బెంగళూరు కార్ల్‌టన్ టవర్స్‌లో 2010 ఫిబ్రవరిలో తొమ్మిది మంది చనిపోయారు. పొగ తట్టుకోలేక కొందరు పైనుంచి దూకేశారు. సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో 2023 మార్చి 16 రాత్రి ఆరుగురు పోయారు. ఆఫీసులో పనిచేసుకునే పిల్లలు, ఇరవైల్లో ఉన్నవాళ్ళు. ఊపిరాడకే పోయారు. అంతకు ముందు సెప్టెంబరులో అదే సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బైకులున్న చోట నిప్పు పుడితే, ఆ పొగ మెట్ల గుండా పైన లాడ్జి గదుల్లోకి ఎక్కి ఎనిమిది మందిని చంపింది. ఆ సాయంత్రం మా బిల్డింగుకూ ఆ బిల్డింగులకూ మధ్య ఉన్న తేడా, ఒకావిడకు కాళ్ళు పోకపోవడం. అలాంటిదాని మీద ఆధారపడి రెండున్నర వేల మందిని లోపల కూర్చోబెట్టలేం.

సిలిండర్ అక్కడికి ఎలా వచ్చింది

విచారణలో మొదటి ప్రశ్న 'ఎవరు పెట్టారు' అన్నదే. ఆ ప్రశ్న అడగొద్దని మేనేజ్‌మెంటును బతిమాలాను. ఎవరని అడిగితే ఒక కాంట్రాక్టు మనిషి ఉద్యోగం పోతుంది, వారం తిరక్కుండా ఇంకొకరు అదే సిలిండర్‌ను అక్కడే పెడతారు. ఎందుకు పెట్టారో తెలిస్తేనే నాకు పని ఉంది. ఎవరి పేరూ రాసుకోనని మాటిచ్చి, హౌస్‌కీపింగ్ వాళ్ళతో, గార్డులతో, ఎలక్ట్రీషియన్లతో టీ కొట్టు దగ్గర మాట్లాడాను. కాన్ఫరెన్స్ రూములో కూర్చోబెడితే ఎవరూ నోరు విప్పేవారు కాదు.

అయిదు, ఆరు అంతస్తులు ఒకే కంపెనీవి. రోజుకు ఎన్నిసార్లో ఒక అంతస్తు ఎక్కి దిగాలి. దానికోసం లిఫ్టు దగ్గర అయిదు నిమిషాలు నిలబడడం దండగని వెనక మెట్లు వాడేవారు. తిరిగి లోపలికి రావాలంటే ప్రతిసారీ కార్డు గీయాలి గనక తలుపు తెరిచి పెట్టేవారు. సర్వీస్ లిఫ్టు తరచూ ఆగిపోయేది. అప్పుడు చెత్త సంచులూ నీళ్ళ బబుల్సూ మోసుకుపోయేదీ ఆ మెట్ల గుండానే. "రెండు చేతుల్ల సంచులుంటయ్ సార్, ఆ డోర్ ఎట్ల తెరవాలె?" అని అడిగింది ఒకావిడ. నా దగ్గర జవాబు లేదు.

డోర్ క్లోజర్, అంటే తలుపును దానంతటది మూసే పరికరం, అవసరానికి మించి బిగించి ఉంది, తలుపు రాయిలా బరువు. అంత బరువైన తలుపును ఆపి పట్టగలిగిన వస్తువు ఆ కారిడార్‌లో ఒక్కటే, సిలిండర్.

గార్డు విషయం కూడా అలాంటిదే. "వారంల మూడుసార్లు మోగుతది సార్. పాంట్రీల తాలింపు పెట్టినా మోగుతది. మైకుల చెప్తే పైనోళ్ళు ఫోన్ చేసి నన్నే తిడతరు" అన్నాడు. లాగ్ తిరగేశాను. అతను చెప్పింది నిజం. ఒకసారి ఉత్తి అలారానికి ప్రకటన ఇచ్చినందుకు అతనికి మెమో కూడా ఇచ్చారు. ఆ మెమో చూశాక నాలుగు నిమిషాల ఆలస్యాన్ని అతని ఖాతాలో వేయలేకపోయాను.

మెట్లదారిలోకి గాలి నెట్టే ఫ్యాన్ ఆ రోజు తిరగనే లేదని కూడా తేలింది. పొగ రాకుండా మెట్లదారిలో బయటి కంటే 50 పాస్కల్స్ ఎక్కువ ఒత్తిడి ఉంచాలి. వెనక మెట్ల ఫ్యాన్ స్విచ్ 'ఆటో' నుంచి 'మాన్యువల్'కు తిప్పి ఉంది. ఎందుకు? ఉత్తి అలారాలకు ఫ్యాన్ తిరిగినప్పుడల్లా తలుపులు తెరుచుకోవడం లేదని ఫిర్యాదులు వచ్చాయట. అదీ నిజమే. తలుపులు మెట్లవైపు తెరుచుకుంటాయి. రెండు చదరపు మీటర్ల తలుపు మీద 50 పాస్కల్స్ అంటే పది కిలోల బరువు ఆనినట్టు. దానికి బిగించిన క్లోజర్ తోడయితే సన్నగా ఉన్న మనిషి నెట్టలేరు. టెక్నీషియన్ ఆ ఇబ్బంది తీర్చడానికి స్విచ్ తిప్పాడు.

ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా బద్ధకం వల్లో పొగరు వల్లో జరగలేదు. ప్రతి ఒక్కరూ తమ రోజువారీ పని సాగడానికి చిన్న సర్దుబాటు చేసుకున్నారు. ఆ సర్దుబాట్లన్నీ ఒకే మూలన కలిశాయి. కేసంతటిలో నేను నేర్చుకున్నది ఇక్కడే.

పనిచేయనివి

ఇది అర్థమయ్యాక కూడా మొదటి నెల తప్పు దారిలోనే నడిచాం. మేనేజ్‌మెంటుకు త్వరగా కనిపించే చర్య కావాలి. తలుపు తెరిచిపెడితే జరిమానా అని మూడు భాషల్లో బోర్డులు పెట్టారు, అందరికీ మెయిల్ పంపారు. మూడో రోజు సీసీటీవీలో చూస్తే సిలిండర్ లేదు, దాని చోట నీళ్ళ బబుల్ ఉంది.

తర్వాత తలుపు అర నిమిషానికి మించి తెరిచి ఉంటే కూత పెట్టే బజర్ పెట్టాం. ఇది నా సలహానే. కానీ బజర్ మోగిందంటే పక్కన కూర్చుని పనిచేసేవాళ్ళకు తలనొప్పి. రెండు వారాల్లో దాని మీద థర్మోకోల్ ముక్క అంటించి టేపు వేశారు. అవసరం అలాగే ఉన్నప్పుడు, దాన్ని అడ్డుకునే వస్తువు ఎంతో కాలం నిలవదు.

పనిచేసినవి

తలుపు సంగతి. అయిదు, ఆరు అంతస్తుల వెనక తలుపులకు విద్యుదయస్కాంత హోల్డర్లు పెట్టాం. మామూలప్పుడు అవి తలుపును తెరిచి పట్టుకుంటాయి. ప్యానెల్ నుంచి సంకేతం రాగానే, లేదా కరెంటు పోగానే వదిలేస్తాయి. తలుపు మూసుకుంటుంది. దీని మీద నాలో నేనే చాలా తర్జనభర్జన పడ్డాను. తెరిచి ఉంచడాన్ని నేనే అనుమతించినట్టు కాదా? అవును, అనుమతించినట్టే. కానీ ఎలాగూ తెరిచే ఉండే తలుపు, సమయానికి దానంతటది మూసుకోవడం మేలు. అయస్కాంతం వదలడానికి డిటెక్టర్ ముందుగా పొగను చూడాలి గనక తలుపుకు రెండు వైపులా డిటెక్టర్లు పెట్టించాం. మిగతా 12 అంతస్తుల్లో హోల్డర్లు ఒప్పుకోలేదు. అక్కడ ఆ అవసరం లేదు. క్లోజర్లన్నీ సడలించి, ఒక చేత్తో నెడితే తెరుచుకుని పూర్తిగా మూసుకునేలా ఒక్కో తలుపునూ సరిచేయించాం. సర్వీస్ లిఫ్టు బాగుచేయించడానికి అయిన ఖర్చును 'ఫైర్ సేఫ్టీ' పద్దు కింద రాయమని పట్టుబట్టాను. అకౌంట్స్ వాళ్ళకు అది వింతగా తోచింది. నాకు మాత్రం ఆ పద్దులో అంతకంటే ముఖ్యమైన ఖర్చు కనబడలేదు.

ఫ్యాన్ స్విచ్ మళ్ళీ 'ఆటో'కు తిప్పితే సరిపోదు, ఇంకో నెలకు మళ్ళీ ఎవరో తిప్పేస్తారు. ఒత్తిడి మితిమీరితే దానంతటది గాలి వదిలే డ్యాంపర్ పెట్టి, ప్రతి అంతస్తులో తలుపు నెట్టి చూశాం. అందరికంటే సన్నగా ఉన్న ఒక ట్రైనీ అమ్మాయిని పిలిచి, ఫ్యాన్ తిరుగుతుండగా తలుపు తెరవమన్నాం. ఆమె తెరవగలిగిన రోజు పని పూర్తయిందనుకున్నాం.

లోపలికి తిరిగి రానివ్వని తాళాల దగ్గర పెద్ద గొడవ జరిగింది. సమాచార భద్రత చూసే అధికారి, మెట్ల తలుపు తెరిచి ఉంచితే క్లయింటు ఒప్పందం పోతుందన్నారు. ఆయన భయం ఉత్తిది కాదు. ఇరవై మంది తలుపు బాదిన వీడియో చూపించి, మీరే దారి చెప్పండన్నాను. చివరికి ఆయన చెప్పిన దారే నిలిచింది. కార్డు యంత్రం మెట్ల తలుపు నుంచి తీసి, లోపల ఇంకో పది అడుగుల అవతల ఆఫీసు గాజు తలుపుకు మార్చాం. మెట్లకూ గాజు తలుపుకూ మధ్య చిన్న లాబీ మిగిలింది. అలారం మోగితే రెండు తలుపుల తాళాలూ వదిలేస్తాయి. మోగకపోయినా, కనీసం ఆ లాబీలోకి వచ్చి, పొగకు వెనక తలుపు మూసుకుని, ఫోన్ చేయవచ్చు.

కరెంటు షాఫ్ట్, అంటే కేబుళ్ళు అంతస్తుల గుండా పైకి పోయే నిలువు దారి, తెరిచి చూద్దామని నేను అడిగింది అనుమానంతోనే. ఆ రోజు పొగ ఎనిమిదో అంతస్తు కారిడార్‌లో కూడా కనిపించింది. మెట్ల తలుపు అక్కడ మూసే ఉంది, మరి ఎలా వచ్చింది? కరెంటు షాఫ్ట్‌లో ప్రతి స్లాబు దగ్గర కేబుళ్ళ చుట్టూ మంటను ఆపే పదార్థంతో మూసి ఉండాలి. కట్టినప్పుడు మూశారు. తర్వాత ఇంటర్నెట్ కేబుళ్ళు లాగినవాళ్ళు వచ్చినప్పుడల్లా దాన్ని పొడిచి, లాగి, అలాగే వదిలేశారు. టార్చి వేస్తే అయిదో అంతస్తు నుంచి పదకొండు దాకా వెలుతురు కనిపించింది. వెలుతురు పోయే చోట పొగ పోదా? అన్నీ మూయించి, షాఫ్ట్ తాళం ఎలక్ట్రికల్ ఇంజినీర్ దగ్గర పెట్టాం. కేబుల్ లాగినవాళ్ళు మూసిన రంధ్రం ఫొటో చూపిస్తేనే బిల్లు.

పదకొండో అంతస్తులో ఇంకొకటి దొరికింది. ఇంటీరియర్ పని జరిగినప్పుడు దుమ్ము పడకుండా డిటెక్టర్లకు ప్లాస్టిక్ మూతలు తొడుగుతారు. పని అయిపోయి ఏడాది దాటినా మూతలు అలాగే ఉన్నాయి. ఆ అంతస్తు మొత్తం కళ్ళకు గంతలు కట్టుకుని ఉంది. మూతలు నేనే ఒక్కొక్కటిగా తీశాను. ఇక ఉత్తి అలారాల మాటకొస్తే, పాంట్రీల్లో పొగ డిటెక్టర్లు తీసి వేడిని చూసేవి పెట్టించాం. తాలింపుకు అవి మోగవు. గార్డుకు బిల్డింగ్ యజమాని సంతకంతో ఉత్తరం ఇప్పించాం: అలారం మోగిన రెండు నిమిషాల్లో 'ఏమీ లేదు' అన్న కబురు ఆ అంతస్తు నుంచి రాకపోతే, ఎవరినీ అడగకుండా ప్రకటన ఇవ్వాలి, 101కు ఫోన్ చేయాలి. పొరపాటయితే మెమో ఉండదు. అతను ఆ ఉత్తరాన్ని లామినేషన్ చేయించి ప్యానెల్ పక్కనే పెట్టుకున్నాడు.

అందరూ ఒకేసారి దిగాలా?

ఎక్కువ వాదన దీని మీదే నడిచింది. నా మొదటి పని, అంటే రెండున్నర వేల మందిని వీలైనంత త్వరగా దించడం, ఈ బిల్డింగుకు తగనిదని నాకు అప్పటికి తేలిపోయింది. 14 అంతస్తుల తలుపులూ ఒక్కసారి తెరుచుకుంటే ఫ్యాన్ ఎంత గాలి నెట్టినా ఒత్తిడి నిలవదు. మెట్లు కిక్కిరిస్తే, అన్నిటికంటే ముందు బయటపడాల్సిన అంతస్తు వాళ్ళు తలుపు దగ్గరే ఆగిపోతారు. పైకి ఎక్కాల్సిన ఫైర్ సిబ్బందికి దారి దొరకదు. అందుకే విడతల పద్ధతికి మారాం. నిప్పు పుట్టిన అంతస్తు, దాని పైది, కిందిది ముందు కదలాలి. మిగతావాళ్ళు చెప్పులు వేసుకుని, బ్యాగులు వదిలేసి, వార్డెన్ దగ్గర సిద్ధంగా నిలబడాలి. పరిస్థితిని బట్టి పైఅంతస్తులను వరసగా దించుతారు.

చెప్పినంత తేలిక కాదు. మూడో డ్రిల్‌లో పన్నెండో అంతస్తు వాళ్ళు ఆగలేదు, అందరూ మెట్లు దిగడం మొదలుపెట్టారు. తప్పుపట్టలేను. స్వప్నలోక్ వార్త చూసిన మనిషిని నిప్పున్న బిల్డింగులో ఆగమంటే ఏ ధైర్యంతో ఆగాలి? ఒకాయన నాతో సూటిగా అన్నారు: "మీరు ఆగమంటారు సరే. కింద ఏం జరుగుతోందో మాకు ఎవరు చెప్తారు?" ఆ మాటే దారి చూపింది. రికార్డు చేసిన ప్రకటన తీసేశాం. కంట్రోల్ రూము నుంచి మనిషి గొంతుతో, తెలుగులో, హిందీలో, ఇంగ్లిష్‌లో, రెండు నిమిషాలకోసారి: "అయిదో అంతస్తు కరెంటు గదిలో పొగ. నాలుగు, అయిదు, ఆరు అంతస్తులు ముందు మెట్ల గుండా దిగండి. వెనక మెట్లు వాడొద్దు. మిగతావాళ్ళు సిద్ధంగా ఉండండి." అయిదో డ్రిల్‌కు జనం ఆగారు. సంగతి తెలిసినప్పుడు మనుషులు ఆగుతారు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. డిటెక్టర్లు, స్ప్రింక్లర్లు, మైకు, మూసుకునే తలుపులు, మూసిన షాఫ్టులు అన్నీ పనిచేస్తున్నాయని పరీక్షించిన బిల్డింగులోనే ఈ పద్ధతి. అవేవీ లేని పాత కాంప్లెక్సుల్లో, ఒకే మెట్లదారి ఉన్నచోట, ఆగమని ఎవరికీ చెప్పకండి. పొగ వాసన తగిలిన క్షణమే బయటికి నడవాలి. ఈ కేసు చదివి ఎవరైనా తమ ఆఫీసులో అందరినీ కుర్చీల్లో కూర్చోబెడితే, నేను రాసినందుకు బాధపడతాను.

దిగే దారిలో పొగ ఎదురైతే ఏం చేయాలన్నది కూడా డ్రిల్‌లో భాగం చేశాం. పొగలోంచి దూసుకుపోవద్దు. వెనక్కి తిరిగి, దగ్గర్లోని అంతస్తులోకి వెళ్ళి, రెండో మెట్ల వైపు దాటాలి. మూసి ఉన్న తలుపును తెరిచే ముందు అరచేతి వెనకవైపుతో తాకి చూడాలి, వేడిగా ఉంటే తెరవకూడదు. రెండు దారులూ పోతే గదిలోకి వెళ్ళి తలుపు మూసి, కింది సందులో తడిగుడ్డ కుక్కి, నేలకు దగ్గరగా కూర్చుని 101కు ఏ అంతస్తు, బిల్డింగుకు ఏ వైపు అన్నది చెప్పాలి. అద్దాలు పగలగొట్టడం మీద చాలామంది అడిగారు. ఆ పెంకులు కింద ఉన్న ఫైర్ సిబ్బంది మీద పడతాయి, కింది అంతస్తుల పొగ ఆ కంతలోంచి లోపలికి రావచ్చు, మళ్ళీ మూయలేం. వేరే దారి ఏదీ లేనప్పుడే ఆ ఆలోచన. లిఫ్టు మాత్రం ఎప్పుడూ వద్దు.

వీల్‌చెయిర్‌లో ఉండే ఒక టీమ్ లీడర్ పదో అంతస్తులో పనిచేస్తారు. ఆ సాయంత్రం లిఫ్టు లాబీలో ఒక స్నేహితుడి తోడుతో ఆయన ఇరవై నిమిషాలు ఉండిపోయారు. ఏ జాబితాలోనూ ఆయన పేరు లేదు. ఈ పద్ధతులన్నీ రాసేటప్పుడు నేను ఆయన కోసం ఒక ప్లాన్ తయారుచేసుకుని వెళ్ళాను. ఆయన అది చదివి పక్కన పెట్టి, "నన్నెవరు ఎత్తాలో, ఎలా ఎత్తాలో నేను చెప్తాను సార్" అన్నారు. నలుగురిని ఆయనే ఎంచుకున్నారు, మెట్ల మీద జారే ఎవాక్యుయేషన్ కుర్చీలో ఎలా కట్టాలో ఆయనే చూపించారు. ఆ అంతస్తుకు దగ్గర్లోని రెఫ్యూజ్ ఏరియా నిండా విరిగిన కుర్చీలు, అట్టపెట్టెలు ఉండేవి. ఖాళీ చేయించి, అక్కడి నుంచి కంట్రోల్ రూముకు నేరుగా మాట్లాడే ఫోన్ పెట్టించాం. గర్భిణులు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, కాలికి కట్టుతో వచ్చినవాళ్ళు వార్డెన్‌కు ముందే చెప్పుకునే అలవాటు ఆ తర్వాత వచ్చింది. అందరి ముందూ కాకుండా చెప్పుకునేలా చూశాం.

తర్వాత

హైరైజ్‌లో మొదటి రెండేళ్ళు మూడు నెలలకోసారి, ఆ తర్వాత ఆరు నెలలకోసారి డ్రిల్ చేయాలని కోడ్ చెబుతుంది. ఇక్కడ మూడు నెలల పద్ధతే ఉంచాం. ఈ మధ్య చేసినది ముందుగా చెప్పకుండా చేశాం. వెనక మెట్లలో ఏడో అంతస్తు దగ్గర నల్ల గుడ్డ అడ్డం కట్టి, 'ఇక్కడ పొగ' అని రాయించాం. దిగి వచ్చినవాళ్ళు చూసి, వెనక్కి తిరిగి, ఎనిమిదో అంతస్తు తలుపు తెరుచుకుని ముందు మెట్లకు దాటారు. మొదట వచ్చినవాళ్ళు పైనున్నవాళ్ళకు అరిచి చెప్పారు. మొత్తం ఎన్ని నిమిషాలు పట్టిందో నేను రాసుకోలేదు. ఎన్ని తలుపులు పూర్తిగా మూసుకున్నాయి, ఎంతమంది పొగ దగ్గర వెనక్కి తిరిగారు, 101కు ఫోన్ ఎప్పుడు వెళ్ళింది అన్నవి రాసుకున్నాను. తొమ్మిదో అంతస్తుకు ఇప్పుడు వార్డెన్ ఆ హౌస్‌కీపింగ్ ఆవిడే.

పోయిన నెల వెళ్ళినప్పుడు అయిదో అంతస్తులో సిలిండర్ గోడకు, దాని కొక్కేనికే ఉంది. మెట్లెక్కుతూ ఒక్కో తలుపూ చూసుకుంటూ పోయాను. పన్నెండో అంతస్తులో వెనక తలుపు కింద నాలుగు మడతలు పెట్టిన అట్టముక్క కనిపించింది. ఆ అంతస్తులోకి కొత్త కంపెనీ వచ్చి పది రోజులే అయింది. అట్టముక్క తీసి జేబులో పెట్టుకుని, తలుపు మూసుకునేదాకా చూసి, దాన్ని ఎందుకు పెట్టాల్సి వచ్చిందో కనుక్కుందామని లోపలికి వెళ్ళాను.